డిగ్రీ లేని పక్షుల మాస్టారు

సలీం అలీ పేరుని మనం స్కూల్లో ఒక్క మార్కు బిట్టుగా చదివి వదిలేశాం. నిజానికి బ్యాక్‌లాగ్‌లు, ప్లేస్‌మెంట్ల టెన్షన్ ఉన్న మనకి ఆయన జీవితం బాగా దగ్గరది.

1896లో బొంబాయిలో పుట్టారు. మూడేళ్లు వచ్చేసరికే అమ్మానాన్నలు పోయారు. మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచుక మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లారు. కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, అక్కడ భద్రపరిచిన పక్షులన్నీ చూపించారు. ఆ పిచ్చి ఇక వదల్లేదు.

దారి మాత్రం సాఫీగా లేదు. లెక్కలు కొరుకుడు పడక కాలేజీ మధ్యలో వదిలేసి బర్మా వెళ్లారు. యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం ఇవ్వలేదు. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొస్తే, మ్యూజియంలో ఉన్న చిన్న ఉద్యోగమూ నిధుల్లేక ఎత్తేశారు.

ఖాళీగా కూర్చోలేదాయన. కిహీం అనే సముద్రతీరపు ఊళ్లో గిజిగాళ్లని గమనించడం మొదలెట్టారు. మాది ద్రాక్షారామం. చేలగట్ల మీది తాడిచెట్లకి వేలాడే ఆ గూళ్లు మాకు మామూలే. వాటి వెనక కథ మాత్రం ఆయన వల్లే తెలిసింది. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితే చేరుతుంది. అప్పుడు మగది గూడు పూర్తిచేసి, ఇంకోటి మొదలెడుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే మిగిలిపోతుంది.

తర్వాత జీతం వద్దు, ఖర్చులిస్తే చాలని సంస్థానాల్లో పక్షుల సర్వేలు చేశారు. 1931లో హైదరాబాద్ రాజ్యంలో తిరిగారు. 1941లో వచ్చిన ఆయన పుస్తకం మామూలు జనానికీ పిట్టల్ని పరిచయం చేసింది. పేరొచ్చాక ఆ పలుకుబడిని భరత్‌పూర్ చిత్తడినేలల కోసం, సైలెంట్ వ్యాలీ అడవి కోసం వాడారు.

మన రాష్ట్రంతోనూ ఆయనకో ముడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడిని వెతకడానికి సొసైటీ పూనుకుంది. 1986 జనవరిలో, ఆయనకి 89 ఏళ్లప్పుడు, కడప జిల్లాలో అది దొరికింది. మరుసటేడు జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండే పొదల మీదుగా రాబోతే, కాలువ దారే మార్చారు. సివిల్ ఫ్రెండ్స్ ఇది గుర్తుపెట్టుకోవాలి. రేపు మ్యాపు మీద గీత గీసేది మనమే. అక్కడ ఏ పిట్ట ఉందో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటేనే ఆ గీత పక్కకి జరుగుతుంది.