రైతు గోడు విన్న మన్రో దొర

గ్లాస్గోలో 1761లో జన్మించిన థామస్ మన్రో 1800లో మన పెనుకొండ సీమ చేరిన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చారు. కంపెనీకి శిస్తు వసూలు చేయడమే ఆయన ఉద్యోగం. అయినా అనంతపురంలో మకాం పెట్టి, డేరాలతో ఊరూరా తిరిగి పొలాలు కొలిపించారు, రైతుల గోడు విన్నారు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో మద్రాసుకు వ్రాశారు. అక్కడి పెద్దలు ఆ మాట ప్రక్కనబెట్టి గ్రామాలను గుత్తకిచ్చారు. గుత్తదారులూ, రైతులూ చితికిపోయారు. 1820లో గవర్నరయిన మన్రోయే ఆ శిస్తు తగ్గించారు. 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించారు.

ప్రియ పాఠకులారా! పేదవాని సంగతి తెలుసుకొంటే చాలదు, తీర్మానించేవారు దానిని లెక్కలోనికి తీసుకోవాలి. అమరాపురం పంచాయతీలోనైనా, మన విచారణ సంఘంలోనైనా చేతులెత్తే ముందు ఆ ఇంటివారిని అడిగామా?