నిద్రతో పోరాడిన వైమానికుడు

చార్లెస్ లిండ్‌బర్గ్ 1902 ఫిబ్రవరి 4న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. తండ్రి మిన్నెసోటా రాష్ట్రం నుండి పదేండ్లపాటు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడుగా ఉన్నాడు. తల్లి రసాయనశాస్త్రం బోధించేది. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న లిటిల్ ఫాల్స్ గ్రామంలో అతని బాల్యం గడిచింది. యంత్రాల మీద ఉన్న మక్కువ చదువు మీద లేకపోవడంతో, 1922లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువును మధ్యలోనే విడిచి విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్ళాడు. కొంతకాలం ఊరూరా తిరిగి, ఎగిరే విమానం రెక్కల మీద నడిచి జనాన్ని అలరించాడు. తరువాత సైనిక శిక్షణ పొంది, 1926లో సెయింట్ లూయిస్, షికాగో నగరాల మధ్య తపాలా సంచులు మోసే విమానానికి చోదకుడయ్యాడు. రాత్రివేళ పొగమంచులో దారి కానరాక, ఇంధనం అయిపోయి, రెండు పర్యాయాలు గొడుగు సాయంతో నేలకు దూకి ప్రాణాలు దక్కించుకొన్నాడు.

న్యూయార్క్ నుండి పారిస్‌కు గాని, పారిస్ నుండి న్యూయార్క్‌కు గాని ఎక్కడా దిగకుండా ఎగిరినవారికి 25,000 డాలర్ల బహుమతి ఇస్తానని రేమండ్ ఓర్టేగ్ అనే హోటలు యజమాని 1919లోనే ప్రకటించి ఉన్నాడు. ఆ ప్రయత్నంలో 1926 సెప్టెంబరు నుండి 1927 మే వరకు ఆరుగురు వైమానికులు ప్రాణాలు కోల్పోయారు. అయినా లిండ్‌బర్గ్ వెనుకాడలేదు. సెయింట్ లూయిస్ వ్యాపారులు కొందరు ధనసహాయం చేయగా, శాన్ డియాగోలోని ఒక చిన్న కర్మాగారం రెండు నెలలలో అతనికి ఒక విమానాన్ని నిర్మించి ఇచ్చింది. దానికి ఒకే ఇంజను, ఒకే ఆసనం. సుమారు 450 గాలన్ల ఇంధనం నింపవలసి ఉన్నందున పెద్ద తొట్టిని చోదకునికి ఎదురుగానే అమర్చారు. అందువలన ముందువైపు చూడడానికి కిటికీయే లేకపోయింది. బరువు తగ్గించడానికి అతడు రేడియో వద్దన్నాడు, గొడుగు వద్దన్నాడు, పటాల అంచులను సైతం కత్తిరించాడు. తోడుగా మరొక చోదకుడు ఉంటే ఇద్దరూ వంతులవారీగా కునుకు తీయవచ్చును. కాని ఆ మనిషి బరువుకు సరిపడా ఇంధనమే మేలని అతడు లెక్క వేసుకొన్నాడు. ఔన్సులతో సహా సరిచూసుకొన్న ఆ లెక్కలో నిద్రకు మాత్రం తగిన చోటు దొరకలేదు.

మే 19వ తేదీ సాయంకాలం, సముద్రం మీద వాతావరణం తేటపడుతున్నదనే వార్త వచ్చింది. సన్నాహాలు ముగించుకొని అతడు హోటలు గదికి చేరేసరికి అర్ధరాత్రి కావచ్చింది. రెండు మూడు గంటలైనా నిద్రపోదామని నడుము వాల్చాడు. ఎవరూ లోపలికి రాకుండా చూడడానికి తలుపు వద్ద నిలిపిన మిత్రుడే లోనికి వచ్చి ఏదో అడిగి ఆ కాస్త మగతను చెడగొట్టాడు. చిన్న విషయమే గాని, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. మరునాటి ఉదయం 7 గంటల 52 నిమిషాలకు బురదనేల మీద నుండి భారంగా పైకి లేచి, టెలిఫోను తీగలను తృటిలో దాటిన ఆ విమానంలోని చోదకుడు అప్పటికే ఒక రాత్రి నిద్ర లేనివాడు.

మొదటి కొన్ని గంటలలోనే కళ్ళు బరువెక్కసాగాయి. న్యూఫౌండ్లాండ్ తీరం దాటి సముద్రం మీదికి ప్రవేశించేసరికి చీకటి పడింది. మేఘాలలో దూరినప్పుడు రెక్కల మీద మంచు పేరుకొనడం చూసి, అతడు విమానాన్ని వెనుకకు మళ్ళించి బయటపడ్డాడు. ప్రమాదం ఎదుట ఉన్నంతసేపు నిద్ర దూరంగానే ఉండేది. గండం గడిచి ఇంజను ఏకస్వరంతో మ్రోగుతుంటే మళ్ళీ దగ్గరకు వచ్చేది. నిద్ర సుఖమెరుగదని పెద్దలన్న మాట నిజమే. పేము అల్లిన ఆ ఇరుకు ఆసనం కూడా అతనికి హంసతూలికా తల్పమయింది. పక్క కిటికీలకు అద్దాలు బిగించక, చేయి బయటపెట్టి చల్లని గాలిని ముఖానికి మళ్ళించుకొన్నాడు. వేళ్ళతో కనురెప్పలను ఎత్తి పట్టుకొన్నాడు. అలల మీదికి దిగి, నీటి తుంపరలు తగిలేంత తక్కువగా ఎగిరాడు. వెంట తెచ్చుకొన్న ఐదు రొట్టెముక్కల పొట్లాలలో ఒక్కదానినీ సముద్రం దాటేవరకు ముట్టలేదు.

విచిత్రమేమంటే అతనిని కాపాడినది విమానంలోని లోపమే. నిర్మాణంలో కాలం కలిసివస్తుందని రెక్కలు పెంచి, తోకభాగాన్ని మాత్రం పాత నమూనాలో ఉన్నట్లే ఉంచారు. అందుచేత అది స్థిమితంగా ఎగిరేది కాదు. చోదకుడు తూగితే చాలు, దారి తప్పి ఒక పక్కకు ఒరిగేది. ఆ కుదుపుకు అతడు ఉలిక్కిపడి లేచేవాడు. గంటకొకసారి ఇంధనపు తొట్టి మార్చి లెక్క వ్రాసుకొనే నియమం కూడా కొంత తోడ్పడింది.

తెల్లవారితే మత్తు వదలుతుందనుకొన్నాడు. కాని తెల్లవారిన తరువాతనే అది మరింత తీవ్రమయింది. మనిషి దేహంలో పగలు రాత్రులను అనుసరించి నడిచే గడియారం వంటి ఏర్పాటు ఉన్నది. రాత్రి మూడవ జాము మొదలుకొని ఉదయం వరకు మెలకువ శక్తి అడుగంటుతుంది. అప్పటికే నిద్ర కరువైనవానికి కొన్ని క్షణాల నిద్ర తనకు తెలియకుండానే వచ్చిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, చేయి పిడి మీదనే ఉంటుంది, మనస్సు మాత్రం ఉండదు. లిండ్‌బర్గ్‌కు జరిగినది ఇదే. తాను కళ్ళు తెరచుకొనే నిద్రపోయానని గ్రహించి అతడు భయకంపితుడయ్యాడు. విమానం వెనుక భాగం నిండా మంచుతెరల వంటి ఆకారాలు చేరి, మనుష్యుల గొంతుతో మాట్లాడి, దారి గురించి సలహాలు చెప్పినట్లు తోచింది. సముద్రమధ్యంలో లేని తీరాలు కనిపించాయి.

ఇరవై ఏడు గంటల ప్రయాణం తరువాత చేపల పడవలు కనబడ్డాయి. ఐర్లాండు ఎటని క్రిందికి దిగి కేకవేసినా ఎవరూ బదులు పలకలేదు. మరికొంతసేపటికి ఐర్లాండు తీరంలోని డింగిల్ అఖాతం ఎదురయింది. అంతటి మత్తులోనూ అతడు తాను గీసుకొన్న దారికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నాడు! నేల కంటబడగానే నిద్ర ఎటుపోయిందో తెలియలేదు. మే 21వ తేదీ రాత్రి 10 గంటల 22 నిమిషాలకు, 33 గంటల 30 నిమిషాల యానం తరువాత, అతడు పారిస్‌లోని లె బుర్జే విమానాశ్రయంలో దిగాడు. లక్షమందికి పైగా జనం విమానం మీదికి ముంచుకువచ్చారు. తెల్లవారుజామున అమెరికా రాయబారి భవనంలో అతడు శయ్య మీద ఒరిగేసరికి, నిద్రలేచి అరవై గంటలు దాటింది.

ఆ వెంటనే ప్రచురించిన తన గ్రంథంలో ఆకారాల ప్రసక్తి అతడు తేలేదు. 1953లో వెలువడిన మరొక గ్రంథంలో గాని లోకానికి ఆ సంగతి తెలియలేదు. ఆ గ్రంథానికి 1954లో పులిట్జర్ బహుమతి లభించింది. వాణిజ్య విమానాల చోదకులకు పని గంటలను పరిమితం చేసే నిబంధనలు కాలక్రమాన ఏర్పడ్డాయి. చిన్న విమానాన్ని ఒంటరిగా నడుపుకొనేవాడు మాత్రం తన అలసటను చాలావరకు తానే కొలుచుకోవాలి.

లిండ్‌బర్గ్ తరువాతి జీవితం వెలుగునీడల కలయిక. 1932లో అతని పసిబిడ్డను దుండగులు అపహరించి చంపారు. 1938లో జర్మనీలోని నాజీ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని స్వీకరించడం, 1941లో యూదులను నిందిస్తూ ప్రసంగించడం అతని కీర్తికి చెరగని మచ్చ తెచ్చాయి. 1944లో పసిఫిక్ రణరంగంలో యుద్ధవిమానాలు నడిపి, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం ఎగిరే పద్ధతిని యువ చోదకులకు నేర్పాడు. 1974 ఆగస్టు 26న హవాయి దీవులలోని మావిలో మరణించాడు. అతని విమానం వాషింగ్టన్ నగరంలోని జాతీయ వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాలకు చేరింది.