మార్లవాయి మట్టిలో కలిసిన హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11న మేము హాస్టల్ పిల్లల్ని వెంటబెట్టుకుని మార్లవాయికి వెళ్తాం. జైనూర్ దాటి ఊళ్లోకి వెళ్తే పక్కపక్కనే రెండు సమాధులు కనిపిస్తాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. పెద్దలు పూలు పెడతారు, దండం పెట్టుకుంటారు. ఒక ఏడాది ఆరో తరగతి పిల్ల ఒకతె మా కొంగు పట్టుకుని, ఈ దొర మనకు ఏమవుతాడని అడిగింది. కొత్త మనిషి ఎదురైతే ఏ సగ, ఏ ఇంటిపేరు, మనకు ఏ వరస అని తెలుసుకున్నాకే మాట కలిపే సమాజం మనది. అందుకే ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్నే. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ సంచికలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో ఒక జమీందారీ వంశంలో పుట్టారు. చిన్న వయసులోనే రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలు చదివి భారతదేశం మీద మనసు పెంచుకున్నారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, అస్సాం, బర్మా కొండల్లోని తెగల మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. ఆ తెగల గురించి అప్పటికి పుస్తకాల్లోనే చదివారు. 1936లో నాగా కొండలకు వెళ్లి కోన్యాక్ నాగాల మధ్య ఉన్నాక, మనుషుల్ని తెలుసుకోవాలంటే వాళ్ల మధ్య బతకాలన్నది ఆయనకు జీవితకాలపు పద్ధతి అయింది.

1938లో బెట్టీ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. ఆమె ఇంగ్లీషు యువతి. మరుసటి ఏడాది ఇద్దరూ భారతదేశం వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. హిట్లర్ అప్పటికే ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఆయన శత్రుదేశపు మనిషి అయ్యారు. చివరికి నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్న షరతు మీద తిరగనిచ్చారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన మన దగ్గరకు మొదట వచ్చింది పూర్తిగా తన ఇష్టంతో కాదు. యుద్ధం ఆయన్ని ఇక్కడ కట్టిపడేసింది.

ఆ కట్టడిలోనే ఆయన పని మొదలుపెట్టారు. 1940లో నల్లమల అడవుల్లో చెంచుల పెంటలకు వెళ్లారు. తర్వాత గోదావరి గట్ల వెంబడి కొండరెడ్ల మధ్య తిరిగారు. బెట్టీ వెంటే ఉన్నారు. ఆ తర్వాత అడుగు ఆదిలాబాద్ వైపు పడింది.

అప్పటికి మన అడవి రగిలిపోయి ఉంది. అడవులకు రిజర్వు హద్దులు గీసి, తాతల నాటి గూడేలను ఖాళీ చేయించారు. పోడు కొట్టనివ్వలేదు. పశువులు మేపినా, కట్టె తెచ్చినా జంగ్లాతు వాళ్లకు మామూలు ఇచ్చుకోవాల్సి వచ్చేది. మైదానం నుంచి వచ్చిన వాళ్లు పట్టాలు రాయించుకుంటుంటే, ఆ భూమిని దున్నిన గోండు కౌలుదారుగా, కూలీగా మారాడు. ఈ అన్యాయం మీదే కుమ్రం భీం లేచాడు. 1940లో జోడేఘాట్ కొండ మీద నిజాం పోలీసుల తూటాలకు తన వాళ్లతో పాటు ప్రాణమిచ్చాడు. ఆ రక్తం చూశాకే సర్కారుకు, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారని అడిగి తెలుసుకోవాలనిపించింది. తెలుసుకునే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు.

ఆయన బంగళాలో కూర్చుని మనుషుల్ని పిలిపించుకోలేదు. 1941లో భార్యతో మార్లవాయి వచ్చి గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టారు. ఊరి పటేల్ లచ్చు ఆయనకు ఆప్తుడయ్యాడు. గోండీ నేర్చుకున్నారు. ఏడు దేవుళ్ల ఎర్వేన్ సగ నుంచి నాలుగు దేవుళ్ల నల్వేన్ సగ వరకు మన సగలు ఏమిటో, ఏ సగ వాళ్లకు ఏ సగతో పెళ్లి కుదురుతుందో కూర్చుని రాసుకున్నారు. పెర్సపేన్ పూజలు చూశారు. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే మన పుట్టుక కథల్ని కాగితం మీద పెట్టారు. వేల ఫొటోలు తీశారు. 1948లో వచ్చిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం ఆ ఇంటి అరుగు మీది మాటల్లోంచి పుట్టిందే. ముందు నేర్చుకున్నారు. సలహా చెప్పింది ఆ తర్వాతే.

ఆయన నివేదికల సారం ఒక్కటే. భూమి మీద హక్కు లేనిదే గోండు బతకడు, చదువు లేనిదే ఆ హక్కు నిలవదు. 1945లో ఆయన నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల సలహాదారు అయ్యారు. వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో, ఆదివాసీ ప్రాంతాలకు విడిగా చట్టం వచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో జనం కష్టాలు అధికారులు అక్కడికే వచ్చి వినేలా దర్బారు పెట్టించిందీ ఆయనే. నేటికీ జాతరలో దర్బారు సాగుతోంది.

బడి సంగతి చెప్పేటప్పుడు మా సంగతి కూడా ఒప్పుకోవాలి. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. అక్షరం ముక్క వచ్చిన గోండు యువకుల్ని వెతికి తెచ్చి, పంతుళ్లుగా తయారుచేసి మళ్లీ గూడేలకు పంపారు. పిల్లల కోసం గోండీలోనే వాచకాలు తయారుచేయించారు. ఇక్కడ మరాఠీ వాడుక ఉండేది కాబట్టి వాటిని నాగరి లిపిలో అచ్చువేశారు. అమ్మ మాటతో మొదలుపెట్టి, తర్వాత మిగతా భాషలకు వెళ్లడం ఆ బడి దారి. మేము టీటీసీ చదివిన రోజుల్లో ఇంటి భాషలో మొదలుపెట్టాలన్నది కొత్త సూత్రంగా నేర్చుకున్నాం. అది మన మార్లవాయిలో అంతకు అరవై ఏళ్ల ముందే జరిగిందని మాకెవరూ చెప్పలేదు. వార్డెన్‌గా చేరిన కొత్తలో మేమే స్టడీ అవర్‌లో గోండీ మాట్లాడొద్దని పిల్లల్ని కసురుకున్నాం. తెలుగు తొందరగా రావాలని చేశాం. వాళ్లకు తెలుగు తొందరగా రాలేదు, నోరు మాత్రం మూతపడింది. మార్లవాయి బడి కథ చదివాక ఆ మాట మానేశాం. ఇప్పుడు చిన్న తరగతుల పిల్లలకు పెద్దక్కలు లెక్కలు గోండీలోనే విడమరిచి చెబుతారు.

ఇంత పని ఒక్క మనిషి చేసింది కాదు. బెట్టీ ఆయన వెంట అడవులు, కొండలు నడిచారు. 1944లో ఆయన్ని ఈశాన్య సరిహద్దు కొండలకు పంపితే అక్కడా అపతానీల మధ్య పనిలో తోడున్నారు. గోండుల మీద 1979లో వచ్చిన పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాళ్లకు కొడుకు పుడితే మార్లవాయి జనం అతన్ని ఊరి పటేల్ పేరుతో లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. మన ఇళ్లలో పేరు ఊరికే పెట్టం కదా. పేరు పెట్టామంటే మనవాణ్ని చేసుకున్నామనే.

1950 తర్వాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఆచార్యుడిగా 1976 దాకా పనిచేశారు. నేపాల్ వెళ్లి షెర్పాల మీద పుస్తకం రాశారు. పెద్ద పేరు వచ్చింది. ఉద్యోగం ముగిశాక, డెబ్భైకి దగ్గర పడుతున్న వయసులో, భార్యతో మళ్లీ మన అడవులకు వచ్చారు. ఈసారి ఏ యుద్ధమూ కట్టిపడేయలేదు. ఇష్టంతోనే వచ్చారు.

వచ్చి చూసింది సంతోషపెట్టేది కాదు. రోడ్లు పడ్డాయి, రోడ్ల వెంట బయటి వాళ్లు వచ్చారు. 1/70 చట్టం కాగితం మీద ఉన్నా, తాను ఇప్పించిన పట్టా భూములు అప్పుల కింద, అబద్ధపు రాతల కింద చేతులు మారాయి. గోండీ వాచకాలు మూలపడ్డాయి. తన శ్రమ చాలావరకు కరిగిపోయిందని ఆయన దాచలేదు. ఊరూరూ తిరిగి ఎవరి భూమి ఎలా పోయిందో విచారించి, 1982లో వచ్చిన పుస్తకంలో అచ్చువేశారు. నలభై ఏళ్ల పని పోతుంటే చూసి కూడా, ఏడుస్తూ కూర్చోకుండా మళ్లీ కలం పట్టారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయికే తెచ్చి మన మట్టిలో పెట్టారు. దాదాపు యాభై ఏళ్ల కాపురం అలా ముగిసింది. ఆయన 1995 జూన్‌లో లండన్‌లో పోయారు. 2012లో కొడుకు తండ్రి చితాభస్మం తెచ్చి తల్లి పక్కనే ఉంచాడు. పదిహేడేళ్లు ఆలస్యమైనా ఆ దంపతులు మళ్లీ ఒకచోట చేరారు.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు జవాబు. హైమన్‌డార్ఫ్ మనకు దేవుడు కాడు. మన హక్కులకు దారి తెరిచింది జోడేఘాట్‌లో చిందిన రక్తం. ఆ తెరుచుకున్న దారిలో నిజాయితీగా నడిచిన అధికారి ఆయన. రక్తసంబంధం లేదు, సగ లేదు. కానీ మన ఊళ్లో కాపురం చేశాడు, మన భాష మాట్లాడాడు, కొడుక్కి మన పేరు పెట్టించుకున్నాడు, భార్యను మనకే అప్పగించాడు, చివరికి తానూ మన దగ్గరికే చేరాడు. ఇంత చేసిన మనిషిని ఏమని పిలుస్తాం? తాత అనే పిలుస్తాం. ఆ మార్లవాయి బడుల్లో అక్షరం దిద్దిన వాళ్ల మునిమనవలు ఈ రోజు మా హాస్టల్‌లో చదువుకుంటున్నారు.

తాత పోతే మనవలకు పనులుంటాయి. మీకు మేము మూడు చెబుతున్నాం. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంటి పట్టా పుస్తకం తీసి, అందులో సర్వే నంబరు, ఎకరాలు, ఎవరి పేరు ఉందో మీ కళ్లతో చదవండి. అవ్వ, తాత దగ్గర కూర్చుని మీ సగ కథ అడిగి నోటుబుక్కులో రాసుకోండి. తమ్ముడితో, చెల్లితో గోండీలోనే మాట్లాడండి. వచ్చే జనవరి 11న మార్లవాయి వచ్చేటప్పుడు పూలతో పాటు ఆ నోటుబుక్కు కూడా తెచ్చుకోండి.

జై సేవా!