శ్రీమాత తొలి రచన

పుదుచ్చేరికి దక్షిణమున వీరాంపట్టినం అను జాలరుల గ్రామమున్నది. దాని చెంతనున్న అరికమేడునకు రెండువేల యేండ్ల క్రిందటనే రోము సామ్రాజ్యపు సరకులు చేరెడివని 1945లో జరిగిన త్రవ్వకములు రుజువు చేసినవి. పరదేశులను ఆదరించుట ఈ తీరమునకు క్రొత్త గాదు. అట్లు దూరదేశమునుండి వచ్చి, పుదుచ్చేరినే తన యిల్లుగా చేసికొన్న యూదు వనిత మిర్రా అల్ఫాసా. లోకము ఆమెను శ్రీమాత యని యెరుగును.

ఆమె 1878 ఫిబ్రవరి 21న పారిసు నగరమున జన్మించెను. తండ్రి తురుష్కదేశపు యూదుడు. తల్లి ఈజిప్టుదేశపు యూదు కుటుంబమునకు చెందినది. అంతకు ముందటి సంవత్సరమే వారు ఫ్రాన్సులో స్థిరపడిరి. ఆ యింట దేవుని ప్రసక్తి లేదు. బాలికకు మాత్రము చిన్ననాటినుండియు లోలోన ఏదో వెలుగు తోచుచుండెడిది. చెప్పుకొనుటకు ఇంట ఎవరును లేరు.

1893లో, పదునైదేండ్ల ప్రాయమున, పాఠశాలకై ఆమె ఒక చిన్న కథ వ్రాసెను. చేయవలసిన పనిని తరువాత చూచుకొందమని వాయిదా వేయువాని దారి శూన్యమునకే చేర్చునని దాని సారాంశము. అందు మతము మాట లేదు. గమ్యమును వెదకు తొందర మాత్రము కలదు. మరుసటి యేడే డ్రైఫస్ అను యూదు సైనికాధికారిపై దేశద్రోహ నేరము మోపబడెను. ఆ వ్యవహారమున ఫ్రాన్సులో యూదులపై ద్వేషము చెలరేగెను. పుట్టుకను బట్టి మనుష్యుని వెలకట్టిన ఆ కాలమున, మిర్రా తానెవరో తెలిసికొనుటకు అంతరంగమునే ఆశ్రయించెను.

యౌవనమున చిత్రలేఖనము నేర్చెను. భగవద్గీతను ఫ్రెంచి అనువాదమున చదివెను. 1912 నాటికి దైవముతో ముఖాముఖి మాటలాడునట్లు దినచర్య వ్రాయుచుండెను. 1914 మార్చి 29న పుదుచ్చేరిలో శ్రీ అరవిందులను దర్శించి, తాను చిరకాలము వెదకిన గురువు ఈయనయే యని గ్రహించెను. ఆ దినచర్యలో కొంతభాగము 1932లో ఫ్రెంచి భాషలో గ్రంథముగా వెలువడెను.

యుద్ధకాలమున 1915లో వెడలిపోయినను, 1920 ఏప్రిల్ 24న తిరిగివచ్చి జీవితాంతము ఇచ్చటనే నివసించెను. 1926లో ఆశ్రమభారమును వహించెను. 1943లో బాలబాలికలకు పాఠశాలను, 1968లో ఆరోవిల్‌ను నెలకొల్పెను. ఫ్రెంచి పౌరసత్వమును విడువకయే భారత పౌరురాలు కావలెనను కోరికను 1954లో వెల్లడించెను. రెండింటిలో ఒకటి తనది కాదనుట ఆమెకు సమ్మతము గాలేదు. 1973 నవంబరు 17న తనువు చాలించెను.

బడిపిల్ల వ్రాసిన కథను పెద్దలు చూచి ప్రక్కన పెట్టుట పరిపాటి. మిర్రా మాత్రము పదునైదవ యేట వ్రాసినదానిని తొంబదియైదవ యేటివరకు ఆచరించెను. మన యిండ్లలోని వ్రాతపుస్తకములను సయితము ఒకమారు తెరచి చూడవలెను.