లబుబు కంటే ముందే మనకో బుడుగు.. వాడికి ముఖమిచ్చిన బాపు కథ ఇదీ!

ఇప్పుడు ఏ కాలేజీ బ్యాగ్ చూసినా లబుబు బొమ్మే వేలాడుతోంది. దాన్ని గీసిన కాసింగ్ లంగ్ పేరు మాత్రం చాలామందికి తెలీదు. తెలుగోళ్లకి అలాంటి అల్లరి క్యారెక్టర్ 1950ల్లోనే దొరికింది. వాడే బుడుగు. గీసింది బాపు.

అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. మన తాడేపల్లిగూడెం ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలోనే, నరసాపురంలో 1933 డిసెంబర్ 15న పుట్టారు. మద్రాసులో చదివి, 1955లో లా పట్టా తీసుకున్నారు. కానీ నల్లకోటు వద్దనుకుని, బొమ్మలనే నమ్ముకున్నారు.

చిన్ననాటి స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణ బుడుగుని మాటల్లో పుట్టించారు. ఆ మాటలకు ముఖం ఇచ్చింది బాపు. గీసింది నాలుగు గీతలే.. అయినా వాడి గడుసుతనం, గారాబం అన్నీ కనిపించేస్తాయి. వాడి జోడీ సీగానపెసూనాంబ కూడా అంతే.

1967లో 'సాక్షి'తో బాపు డైరెక్టర్ అయ్యారు. దానికీ రచయిత రమణే. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు' కూడా ఈ జోడీదే.

2011 ఫిబ్రవరిలో రమణ కన్నుమూశారు. 2013లో బాపుకి పద్మశ్రీ వచ్చేసరికి, పక్కన ఆ స్నేహితుడు లేరు. 2014 ఆగస్టు 31న చెన్నైలో బాపు కూడా వెళ్లిపోయారు.

పెళ్లి కార్డుల మీద వంపులు తిరిగే ఆ తెలుగు అక్షరాలు గుర్తున్నాయా? అవి బాపు చేతిరాత నుంచి వచ్చినవే. ఈసారి ఇంటికి శుభలేఖ వస్తే, ముహూర్తంతో పాటు ఆ అక్షరాలు కూడా ఓసారి చూడండి.