అడగడం నేర్పిన ఆచార్యుడు – రెజినాల్డ్ రెవాన్స్

సర్వీసులో ఉన్న రోజుల్లో శిక్షణ తరగతులకు వెళ్ళనివారు మనలో అరుదు. వారం రోజులు ఉపన్యాసాలు, మధ్యలో టీ బిస్కెట్లు, చివరి రోజు గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్టు. తిరిగి వచ్చి సీట్లో కూర్చునేసరికి వెళ్ళేటప్పుడు వదిలిపోయిన చిక్కు టేబుల్ మీద అలాగే ఉండేది. ఆ చిక్కునే పాఠంగా పెట్టుకోవాలని, దానితో సతమతమవుతున్నవారే ఒకరికొకరు గురువులు కావాలని జీవితమంతా వాదించిన ఆచార్య రెజినాల్డ్ రెవాన్స్ పేరు యాజమాన్య విద్యలో ప్రసిద్ధం. ఆయన పద్ధతికి యాక్షన్ లెర్నింగ్ అని పేరు. పని చేస్తూ, చేసిన పనిని తోటివారి ముందు పెట్టి ప్రశ్నించుకుంటూ నేర్చుకోవడమని మనం చెప్పుకోవచ్చు.

రెవాన్స్ 1907 మే 14న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్ ఓడరేవు పట్టణంలో జన్మించారు. తండ్రి ఓడల తనిఖీ అధికారి. రెవాన్స్‌కు ఇంకా అయిదేళ్ళు నిండకముందే, 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగింది. 1,500 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన విచారణలో తండ్రికీ పాలుండేది. ఓడలో ఉన్నవారు సుమారు 2,200 మంది కాగా ప్రాణరక్షణ పడవల్లో 1,178 మందికి మాత్రమే చోటుంది. విచిత్రమేమంటే ఇందులో నిబంధన అతిక్రమణ ఏమీ లేదు. 10,000 టన్నులు దాటిన ఓడలకు 16 పడవలుంటే చాలని 1894 నాటి నియమం. 46,000 టన్నుల టైటానిక్‌లో 20 పడవలున్నాయి. కాగితం మీద అన్నీ సరిపోయాయి. ఈ విచారణ నేర్పిన పాఠమేమిటని తర్వాతి కాలంలో కొడుకు అడిగితే, తెలివికీ వివేకానికీ తేడా తెలుసుకోవడమని తండ్రి చెప్పారట. ఆ మాటను రెవాన్స్ ముసలితనం దాకా చెప్పుకుంటూనే ఉన్నారు.

చదువులో ఆయన భౌతికశాస్త్రవేత్త. ఆటల్లోనూ దిట్ట. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్‌లో బ్రిటన్ తరఫున పాల్గొన్నారు. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ క్రీడల్లో లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ రెండింటిలోనూ రజత పతకాలు గెలిచారు. తర్వాత కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన. అప్పుడు అక్కడికి అధిపతి రూథర్‌ఫర్డ్. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నదీ అక్కడే. అటువంటి మహామహులు వారం వారం కూర్చుని, తమకు తెలిసినదాన్ని చాటుకోవడానికి బదులు, తమకు అంతుపట్టని సంగతులను ఒకరి ముందు ఒకరు పెట్టుకునేవారు. నోబెల్ బహుమతి పొందినవారే నాకిది తెలియడం లేదని నలుగురిలో ఒప్పుకోవడం ఆ యువకుడి మనసులో నాటుకుపోయింది. మన ఆఫీసు మీటింగుల్లో పైఅధికారి అలా ఒప్పుకోగా ఎందరం చూశామో పాఠకులే చెప్పాలి.

1935లో ఆయన ప్రయోగశాల వదిలి ఎసెక్స్ కౌంటీ విద్యాశాఖలో చేరారు. యుద్ధకాలంలో బాంబు దాడులకు గురైన తూర్పు లండన్ వైపు అత్యవసర సేవల పని చూశారు. యుద్ధం ముగిసే నాటికి బొగ్గు గనుల యజమానుల సంఘం, 1947లో గనులు జాతీయమయ్యాక నేషనల్ కోల్ బోర్డు ఆయనకు శిక్షణ బాధ్యత అప్పగించాయి. ఇక్కడినుంచే అసలు కథ.

విద్యాశాఖ డైరెక్టర్ అన్నాక ఆఫీసులో కూర్చుని సిలబస్ రాయడం మామూలు. రెవాన్స్ మాత్రం డరమ్ ప్రాంతానికి వెళ్ళి, గని కార్మికులతో పాటు భూగర్భంలోకి దిగారు. సింగరేణి బాయిల సంగతి ఎరిగినవారికి ఆయన చూసినదేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒక బాయిలో పైకప్పు గట్టిది, పక్క బాయిలో పెళుసు. ఒకచోట గ్యాసు, మరోచోట నీరు. ఏ పుస్తకమూ ఫలానా బాయి కోసం రాసింది కాదు. అందుకే గని మేనేజర్లకు కాలేజీ పెడితే అక్కడ ప్రొఫెసర్ల ఉపన్యాసాలకన్నా, మేనేజర్లు తమ తమ చిక్కులు తెచ్చి తోటి మేనేజర్ల ముందు పెట్టడమే ముఖ్యం కావాలని ఆయన వాదన. పై వారికి ఇది అంతగా రుచించలేదు. 1950లో ఆయన బోర్డు వదిలారు. గనులను మాత్రం వదల్లేదు. తర్వాత ఇంగ్లండు, వేల్స్ గనుల నుంచి 22 మంది మేనేజర్లు కొన్నేళ్ళపాటు ఒకరి గనికి ఒకరు వెళ్ళి, చూసి, అడిగి, చర్చించుకునే ఏర్పాటు చేశారు. గనుల లెక్కలు తీస్తే మరో సంగతి తేలింది. గని ఎంత పెద్దదైతే ప్రమాదాలు, గైర్హాజరు, సమ్మెలు అంత ఎక్కువ. పెద్ద గనిలో కింది మనిషి మాట పైకి చేరేలోపు ఆవిరైపోతుందని ఆయన అర్థం చేసుకున్నారు. ప్రాణాల మీదికి వచ్చే చోట ఇది చిన్న విషయం కాదు.

1955లో మాంచెస్టర్‌లో పారిశ్రామిక పరిపాలన శాఖకు తొలి ఆచార్యులయ్యారు. ఆ ప్రాంతపు ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం 1964లో పుస్తకంగా వచ్చింది. శిక్షణలో ఉన్న నర్సులు ఎక్కువగా మానేసి వెళ్ళిపోయే ఆసుపత్రుల్లోనే రోగులు కోలుకోవడానికీ ఎక్కువ రోజులు పట్టేది. కారణం వెతికితే మందుల్లో లేదు, మాటల్లో ఉంది. డాక్టరు హెడ్ నర్సు ప్రశ్నను విసుక్కుంటే, ఆమె జూనియర్ నర్సు ప్రశ్నను విసుక్కునేది. ఆ అమ్మాయి భయంతో నోరు మూసుకునేది. తన జబ్బేమిటో చెప్పేవారు లేక రోగి మంచం మీద బెంగతో పడి ఉండేవాడు. మన ఇళ్ళలో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చి వరండాలో కాచుకు కూర్చున్నవారికి ఇది కొత్త కాదు.

ఆ తర్వాత లండన్‌లోని పది పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు, పరిపాలన సిబ్బంది కలిసి తమ చిక్కులను తామే పరిశీలించుకునే పథకం నడిపారు. అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. పెద్దలు స్వయంగా వచ్చి కూర్చున్న చోట పని నిలిచింది, కింది వాళ్ళను పంపి ఊరుకున్న చోట నీరుగారింది.

ఇంతలో మాంచెస్టర్‌లో కొత్త బిజినెస్ స్కూలు వచ్చింది. అది సాగబోయే దారి ఆయనకు నచ్చలేదు. 1965లో, 58వ ఏట, ప్రొఫెసర్ పదవికి రాజీనామా ఇచ్చి బెల్జియం వెళ్ళిపోయారు. ఆ వయసులో ఉద్యోగం వదలడమంటే ఏమిటో పెన్షనర్లకు నేను వివరించనక్కరలేదు.

అక్కడ 1968లో మొదలైన కార్యక్రమం ఆయన పద్ధతికి పెద్ద పరీక్ష. అయిదు విశ్వవిద్యాలయాలు, ఇరవైకి పైగా పెద్ద సంస్థలు కలిశాయి. ఒక సంస్థలోని ఉన్నతాధికారి మరో సంస్థకు వెళ్ళి, తనకు ఏమాత్రం పరిచయం లేని సమస్యను చేపట్టాలి. బ్యాంకు మనిషి ఉక్కు సంగతి అడగాలి. తెలియని చోట మొహమాటం లేకుండా మొదటి ప్రశ్న వేయగలడని ఉద్దేశం. తర్వాతి దశాబ్దంలో బెల్జియం పరిశ్రమ సాధించిన పెరుగుదలకు ఇదే కారణమని ఆయన అనుయాయులు కొందరంటారు. ఒక దేశపు ఉత్పత్తిని ఒక శిక్షణ ఖాతాలో వేయడం అతిశయమనే నాకనిపిస్తుంది. బెల్జియం ఆయనను గౌరవ బిరుదుతో సత్కరించిందన్నది మాత్రం నిజం. స్వదేశం కాస్త ఆలస్యంగా మేల్కొంది. 1970లలో ఆర్నల్డ్ వైన్‌స్టాక్ తన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అధికారుల కోసం ఆయనను పిలిచారు.

భౌతికశాస్త్రవేత్త కనుక తన పద్ధతిని ఒక చిన్న సమీకరణంగా రాసుకున్నారు: ఎల్ = పి + క్యు. ఎల్ అంటే నేర్చుకోవడం. పి అంటే పుస్తకాల్లో, నియమాల్లో ఇప్పటికే ఉన్న జ్ఞానం. క్యు అంటే ఎవరూ ఇంకా వేయని ప్రశ్న. టైటానిక్ పడవల నియమం పి. ఇంత పెద్ద ఓడకు ఇవి చాలునా అన్నది క్యు. పి అక్కరలేదని ఆయన అనలేదు. ఈ సంగతి ఆయన పేరు చెప్పి తరగతులు నడిపేవారు కొందరు మరిచిపోతుంటారు.

ఆచరణలో ఇది అయిదారుగురి చిన్న బృందం. ఒక్కొక్కరూ తాము బాధ్యత వహించే నిజమైన సమస్య తెస్తారు. మిగతావారు సలహాలివ్వరు, అడుగుతారు. సమస్య తెచ్చినవారు వెళ్ళి ఏదో ఒకటి చేసి, తర్వాతి సమావేశంలో ఏమైందో చెప్పాలి. చేయకుండా మాట్లాడడం లెక్కలోకి రాదు.

మనిషి సులభుడు కాడు. రాతలో బరువైన వాక్యాలు, చెప్పిందే చెప్పడం. యాక్షన్ లెర్నింగ్‌కు నిర్వచనం ఇమ్మంటే తప్పించుకుని, అది ఏది కాదో జాబితా రాసేవారు. ఎవరి కథనో చర్చించే కేస్ స్టడీ కాదు, ఒక సీటు నుంచి మరో సీటుకు మార్చడం కాదు, కన్సల్టెంట్ నివేదిక కాదు. తొంభై ఏళ్ళకు దగ్గరవుతున్న రోజుల్లో సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయన పేరిట ఒక కేంద్రం తెరిచింది. 2003లో, 95వ ఏట మరణించారు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు, మేనేజర్లు తర్వాత కూడా ఆ చిన్న బృందాలుగా కూర్చుంటూనే ఉన్నారు.