గాజు పలక మీద చుక్కలు

మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమావాస్య దగ్గరపడితే చాలు, స్నేహితులతో కలిసి ఊరికి దూరంగా, వీధి దీపాలు లేని చోటికి కారేసుకుని పోయి రాత్రంతా ఆకాశానికి ఫొటోలు తీస్తాడు. అదేమీ వాడి ఉద్యోగం కాదు, సరదా. పెళ్ళి చేస్తే ఈ పిచ్చి కుదురుతుందని మా అక్క ఆశ.

ఈమధ్య వాడు నాకో ఫొటో పంపాడు. నల్లటి ఆకాశంలో ఒక పక్క పల్చటి మంచు ముద్దలాంటి వెలుగు. దాని పక్కనే, జల్లెడ తట్టినప్పుడు పడ్డ పిండిలా మధ్యలో గుట్టగా, అంచుల్లో పల్చగా, లెక్కలేనన్ని నక్షత్రాల గుంపు. గంటల తరబడి తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి కంప్యూటర్లో తయారు చేశాడట.

"రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదరా, అన్నీ ఒక కుటుంబమేనా?" అనడిగాను.

"కాదు పిన్నీ. ఆ గుంపు మనకి 15 వేల కాంతి సంవత్సరాల దూరం. ఆ మంచు ముద్ద 2 లక్షల కాంతి సంవత్సరాలు. ఫొటోలో అలా పక్కపక్కన పడ్డాయంతే."

"అంత దూరం ఎవరు టేపు పెట్టి కొలిచార్రా?"

వాడు నవ్వి, ఒక పేరు చెప్పాడు. హెన్రియెటా స్వాన్ లెవిట్. నేను బీయస్సీ చదివినదాన్నే. అయినా ఆ పేరు మా పాఠాల్లో విన్న గుర్తు లేదు. హబుల్ పేరు విన్నాను. ఆయన పేరు మీద అంతరిక్షంలో టెలిస్కోపు తిరుగుతోందని మా పిల్లలకీ తెలుసు. ఈవిడెవరా అని పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివాక మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

హెన్రియెటా 1868 జూలై 4న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లాంకాస్టర్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి చర్చిలో పాస్టరు. ఏడుగురు పిల్లల్లో ఈవిడే పెద్దది. ఇంట్లో భక్తి, క్రమశిక్షణ ఎక్కువ. ఆడపిల్లకి చదువెందుకనే ఇల్లు మాత్రం కాదు. ఓబర్లిన్ కాలేజీలో కొన్నాళ్ళు చదివి, తరవాత హార్వర్డ్ ఆచార్యులు ఆడపిల్లలకి విడిగా పాఠాలు చెప్పే కాలేజీలో చేరింది. అదే తరవాత రాడ్‌క్లిఫ్ అయింది. 1892లో చదువు పూర్తయితే చేతికి వచ్చింది హార్వర్డ్ డిగ్రీ కాదు, ఫలానా చదువు చదివిందనే సర్టిఫికెట్టు. అవే పాఠాలు, అవే పరీక్షలు. మగపిల్లవాడైతే పట్టా, ఆడపిల్లైతే సర్టిఫికెట్టు.

చివరి సంవత్సరంలో ఖగోళశాస్త్రం ఒక సబ్జెక్టుగా తీసుకుంది. ఆ రుచి వదల్లేదు. కొద్దికాలానికే హార్వర్డ్ వేధశాలలో జీతం లేకుండా పనికి కుదిరింది.

ఆ వేధశాల సంగతి కొంచెం చెప్పాలి. అక్కడి డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్ ఆకాశమంతటినీ ఫొటోలు తీయించాలని పట్టుబట్టినవాడు. అప్పట్లో ఈ పనికి ఫిల్ములు, కెమెరా కార్డులు ఏవీ వాడేవారు కాదు. పెద్ద పెద్ద గాజు పలకల మీద మందు పూసి, టెలిస్కోపుకి బిగించి గంటల కొద్దీ ఉంచేవారు. కడిగాక చూస్తే తెల్లటి గాజు మీద నల్లటి చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో నక్షత్రం. మన భాషలో రెంటికీ ఒకే మాట ఉండటం ఎంత బావుందో ఇది చదివినప్పుడే నాకు తట్టింది.

ఉత్తరార్ధగోళం నుంచి దక్షిణాకాశం కనబడదు కాబట్టి పెరూ దేశంలో అరెకిపా అనే ఊరి దగ్గర, కొండల మధ్య మరో వేధశాల పెట్టారు. 1896లో అక్కడికి 24 అంగుళాల ఫొటో టెలిస్కోపు చేరింది. దానికి 50 వేల డాలర్లు ఇచ్చింది న్యూయార్క్‌లో ఉండే కేథరిన్ బ్రూస్ అనే మహిళ. అక్కడ తీసిన పలకలను పెట్టెల్లో జాగ్రత్తగా సర్ది ఓడలో బోస్టన్‌కి పంపేవారు. (ఆ తరవాత కొన్నేళ్ళకి మన హైదరాబాదులోని నిజామియా వేధశాల వాళ్ళు కూడా ఇలాంటి గాజు పలకల మీదే దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని ఫొటోలు తీసి, అంతర్జాతీయ నక్షత్ర పట్టికకి లెక్కలు కట్టి ఇచ్చారు. బేగంపేట మీదుగా వందసార్లు వెళ్ళి ఉంటాను. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు.)

వచ్చిన పలకలను చూసి లెక్కలు కట్టేది ఎవరు? ఆడవాళ్ళు. వాళ్ళని కంప్యూటర్లు అనేవారు. లెక్కలు చేసే మనుషులు అని అర్థం. ఆడవాళ్ళకి ఓర్పు ఎక్కువ, జీతం తక్కువ. గంటకి 25 సెంట్లు. వాళ్ళ మీద పెత్తనం చేసే విలియమినా ఫ్లెమింగ్ ఒకప్పుడు పికరింగ్ గారింట్లో పనిమనిషి. భర్త వదిలేసిన మనిషి. ఆవిడే వేల నక్షత్రాలను వర్గీకరించి పేరు తెచ్చుకుంది. తనకి ఏడాదికి 1500 డాలర్లు, అదే స్థాయి మగవాళ్ళకి 2500 ఎందుకని ఆవిడ 1900లో తన డైరీలో రాసుకుని బాధపడింది. ఆవిడ కథ ఇంకోసారి చెప్పుకుందాం.

హెన్రియెటాకి చదువు తరవాత వచ్చిన జబ్బు వల్ల వినికిడి తగ్గుతూ వచ్చింది. మధ్యలో యూరప్ వెళ్ళింది, తరవాత తండ్రి పనిచేసే బెలాయిట్ అనే ఊళ్ళో కాలేజీలో చిత్రకళ విభాగంలో చిన్న ఉద్యోగం చేసింది. నక్షత్రాలని వదిలేసి కొన్నేళ్ళు గడిచాయి. మనలో ఎంతమందికి ఇలా మధ్యలో ఆగిపోయిన పనులు లేవు? పెళ్ళికి ముందు రాసిన నా కథల నోటుపుస్తకం పదేళ్ళు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఆవిడ మాత్రం 1902లో తనే పికరింగ్‌కి ఉత్తరం రాసి, మళ్ళీ పనిలోకి వస్తానంది. గంటకి 30 సెంట్లు ఇస్తానన్నాడాయన. అందరికన్నా 5 సెంట్లు ఎక్కువ!

ఆవిడకి అప్పజెప్పిన పని, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను పట్టుకోవడం. ఒక రాత్రి తీసిన పలక మీద నల్ల చుక్కలు. ఇంకో రాత్రి తీసిన పలకకి తెల్ల చుక్కలు వచ్చేలా నకలు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కింద నుంచి వెలుతురు పడేటట్టు చేసి భూతద్దంతో చూడాలి. వెలుగు మారని చుక్కలు ఒకదానిలో ఒకటి సరిపోతాయి. మారినవి కొంచెం పెద్దగానో చిన్నగానో పైకి తేలతాయి. బియ్యంలో మెరిగెలు ఏరే మనకి ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ ఒక్క పలక మీద వేల గింజలు. కనిపించిన దాని పక్కన గాజు మీదే సిరాతో చిన్న గుర్తు పెట్టి అంకె వేసేది.

1904లో అరెకిపా నుంచి వచ్చిన పలకల మీద మా వాడు ఫొటో తీసిన ఆ మంచు ముద్దనే చూస్తూ, వెలుగు మారే చుక్కలు ఒకటీ రెండూ కాదు, గుంపులుగా ఉన్నాయని కనిపెట్టింది. దాన్ని చిన్న మెజిలాన్ మేఘం అంటారు. పెద్దది ఇంకొకటుంది. 1908లో అచ్చయిన జాబితాలో చిన్న మేఘంలో 969, పెద్ద మేఘంలో 808, మొత్తం 1777 నక్షత్రాలు. ఒక్కటైనా ఆవిడ ఆకాశంలో కంటితో చూసింది కాదు. బోస్టన్ నుంచి ఆ మేఘాలు అసలు పైకే రావు. పెరూకి ఆవిడ వెళ్ళనూ లేదు. మన రాజమండ్రి నుంచి కూడా అవి దిగంతంలోనే ఉండిపోతాయి, కనబడవనే చెప్పాలి.

ఆ జాబితా చివర్లో ఆవిడ ఒక ముక్క రాసింది. వాటిలో 16 నక్షత్రాలకి వెలుగు పెరిగి తరిగి మళ్ళీ పెరగటానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క కట్టాననీ, ఎక్కువ వెలుగున్నవాటికి ఎక్కువ రోజులు పడుతున్నట్టుందనీ.

ఇందులో విశేషం ఏమిటంటారా? గోదావరి గట్టున నిలబడి రాత్రిపూట అవతల కొవ్వూరు దీపాలు చూడండి. అన్నీ మనకి ఇంచుమించు ఒకే దూరం. అంచేత అందులో ఒకటి ఎక్కువ వెలుగుతోందంటే నిజంగానే అది పెద్ద దీపం. అదే మన వీధిలోనైతే, దగ్గరున్న కొవ్వొత్తి దూరాన ఉన్న పెట్రోమాక్స్ లైటు కన్నా వెలుగ్గా కనిపించి మోసం చేస్తుంది. ఆకాశంలో ఈ మోసం తెలుసుకునే దారి అప్పటికి లేదు. దగ్గరి నక్షత్రాల దూరం కొలిచే పద్ధతి ఒకటుంది గానీ అది వంద కాంతి సంవత్సరాలు దాటితే చేతులెత్తేసేది. చిన్న మేఘం హెన్రియెటాకి కొవ్వూరు ఒడ్డు అయింది. అక్కడి చుక్కలన్నీ ఒకే దూరం కనుక, వెలుగుకీ రోజులకీ ఉన్న లంకె బయటపడింది. ఇక ఆకాశంలో ఎక్కడైనా అలాంటి నక్షత్రం కనబడితే, అది ఎన్ని రోజులకి పెరిగి తరుగుతోందో చూస్తే చాలు. అసలు వెలుగు తెలుస్తుంది. కనబడే వెలుగుతో పోల్చుకుంటే దూరం తెలుస్తుంది.

16 చాలవు, ఇంకా చూడాలి అనుకుంటుండగానే ఆవిడ జబ్బుపడింది. ఆసుపత్రి, తరవాత బెలాయిట్‌లో అమ్మా నాన్నల దగ్గర విశ్రాంతి. పికరింగ్ అక్కడికే పలకలు, ఫొటో నకళ్ళు పంపితే ఇంట్లోనే కొంత పని చేసింది. 1911లో తండ్రి పోయాడు. ఆ తరవాత తల్లితో కలిసి కేంబ్రిడ్జిలో ఒక అపార్టుమెంటులో కాపురం. పెళ్ళి చేసుకోలేదు.

1912లో 25 నక్షత్రాలతో లెక్క తేలింది. ఒకటింపావు రోజుకే తిరిగి వెలిగేది మొదలు 127 రోజులు తీసుకునేదాకా. కాగితం మీద గుర్తులు పెట్టి చూస్తే చుక్కలన్నీ చక్కగా ఒక గీత వెంట వచ్చాయి. ఆ మూడు పేజీల వ్యాసం కింద ఉన్న సంతకం పికరింగ్‌ది. మిస్ లెవిట్ తయారు చేసిందని మొదటి వాక్యంలో రాశాడు లెండి, ఆ మాత్రం న్యాయం ఉంది.

నాకు కోపం వచ్చింది సంతకం దగ్గర కాదు, తరవాత జరిగినదానికి. ఇంత పెద్ద సంగతి కనిపెట్టిన మనిషిని దాని మీదే పని చేయనివ్వాలా వద్దా? పికరింగ్ ఆవిడకి ఉత్తర ధ్రువం దగ్గరి నక్షత్రాల వెలుగును కచ్చితంగా కొలిచే పని అప్పజెప్పాడు. ప్రపంచంలోని వేధశాలలన్నిటికీ కొలబద్దగా 96 నక్షత్రాలు, 13 టెలిస్కోపులతో తీసిన 299 పలకలు, ఏళ్ళ తరబడి చాకిరీ. అవసరమైన పనే, కాదనను. కానీ కొన్నేళ్ళ తరవాత అదే హార్వర్డ్‌కి వచ్చిన సిసిలియా పేన్ అనే శాస్త్రజ్ఞురాలు కూడా అది చాలా కఠినమైన నిర్ణయమనీ, దానివల్ల ఈ రంగమే వెనకబడిందనీ బాధపడింది. హెన్రియెటా ఏమనుకుందో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. నెమ్మదస్తురాలు, అందరిలో మంచిని చూసే మనిషి అని తోటివాళ్ళు చెప్పారు.

ఆవిడ కొలబద్ద పట్టుకుని మిగతావాళ్ళు ముందుకు పోయారు. హెర్ట్‌స్ప్రుంగ్ 1913లో దానికి దూరాల లెక్క జోడించాడు. హార్లో షాప్లీ, మా వాడు ఫొటో తీసినలాంటి నక్షత్ర గుంపుల దూరాలు కొలిచి, మన సూర్యుడు పాలపుంత నడిమధ్యన లేడు, ఎక్కడో ఓ పక్కన ఉన్నాడని 1918లో తేల్చాడు. 1923లో హబుల్ ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రం ఒకటి పట్టుకున్నాడు. దానితో పాలపుంతకి అవతల వేరే పాలపుంతలున్నాయని రుజువైంది.

అది చూడటానికి హెన్రియెటా లేదు. 1921లో షాప్లీ డైరెక్టరుగా వచ్చి నక్షత్రాల వెలుగు కొలిచే విభాగానికి ఆవిడని అధిపతిని చేశాడు. ఆ ఏడాదే డిసెంబరు 12న క్యాన్సరుతో కన్నుమూసింది. 53 ఏళ్ళు.

తన ఆస్తి తల్లి పేర రాసింది. ఆ జాబితా చదువుతుంటే నాకు కళ్ళు తడిశాయి. పుస్తకాల అల్మరా, పుస్తకాలు కలిపి 5 డాలర్లు. ఒక తివాచీ 40. రాసుకునే బల్ల 5. మంచం 15. రెండు పరుపులు 10. రెండు కుర్చీలు 2. కొన్ని ప్రభుత్వ బాండ్లు. అన్నీ కలిపి 314 డాలర్ల 91 సెంట్లు. అప్పటికి ఆవిడ కనిపెట్టిన నక్షత్రాలు 2400.

1925లో స్వీడన్ నుంచి మిట్టాగ్-లెఫ్లర్ అనే గణిత పండితుడు, నోబెల్ బహుమతికి పేరు సూచించే ఉద్దేశంతో ఆవిడ పేరనే ఉత్తరం రాశాడు. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. పోయినవాళ్ళకి ఆ బహుమతి ఇవ్వరు. ఆ ఉత్తరానికి జవాబు రాసింది షాప్లీ.

హార్వర్డ్‌లో ఆ గాజు పలకలు 5 లక్షల పైనే ఉన్నాయి. ఈ కాలంలో వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. స్కాన్ చేయాలంటే గాజు శుభ్రంగా ఉండాలి కదా. అంచేత ఆ ఆడవాళ్ళు సిరాతో పెట్టిన గుర్తులు, అంకెలు ముందు ఫొటో తీసి, తరవాత తుడిచేశారు.

అది చదివిన రాత్రి మా వాడికి ఫోన్ చేశాను. నీ ఫొటోలో ఆవిడ లెక్క కట్టిన ఆ 25 చుక్కలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి పంపరా అన్నాను. కొన్ని మరీ సన్నవి, ఇందులో పడి ఉండవు పిన్నీ, వచ్చే అమావాస్యకి ఇంకా ఎక్కువసేపు తీస్తానన్నాడు. పెళ్ళిసంబంధం సంగతి ఆ అమావాస్య అయ్యాక మాట్లాడదామని మా అక్కతో చెప్పాను.